తొమ్మిదో నంబరు మీద వేలు

ఆ ఏడు అమెరికన్ ఫుట్‌బాల్ మొదటి నాలుగు ఆటల్లో, ఎదుటివాళ్ళని గీత దాటనివ్వకుండా కాయవలసిన మా హార్లో స్టేట్ కాలేజీ డిఫెన్స్ నూట డెబ్బై ఆరు పాయింట్లు సమర్పించుకుంది. మా జట్టు పేరు కొంగలు. ఎదుటివాడు బంతి చంకలో పెట్టుకుని పక్కనుంచి పరిగెత్తిపోతుంటే మావాళ్ళు నిజంగానే కొంగజపం చేస్తున్నట్టు నిలబడేవాళ్ళు. మంగలి షాపులో అదే మాట, చర్చి మెట్ల మీద అదే మాట. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నవాడు కూడా నోరు మూసుకోగానే మొదట అనేది అదే: "ఈ డిఫెన్స్‌తో మనకి మోక్షం లేదు."

మా ఇంట్లో మాత్రం ఆ మాట కాస్త చూసుకుని అనాలి. ఆ డిఫెన్స్‌లో ఇరవై ఒకటో నంబరు చొక్కా వేసుకున్నవాడు నా కొడుకు టేట్.

టేట్ నా మొదటి భర్త బిడ్డ. ఇంటిపేరు రిగ్స్‌బీ. వాడికి ఆరేళ్ళప్పుడు నేను హోయ్ట్‌ని చేసుకుని నెల్డా క్రౌడర్‌నయ్యాను. హోయ్ట్ ముప్పై ఏళ్ళలో కొంగల ఆట ఒక్కటి కూడా వదల్లేదు. టీవీ కామెంటేటర్లంటే అతనికి ఒళ్ళుమంట. అందుకని టీవీ గొంతు నొక్కేసి, మా ఊరి రేడియో పెట్టేవాడు. రేడియో మాట టీవీ బొమ్మకన్నా ఏడు సెకన్లు ముందు వచ్చేది. అంచేత మా ఇంట్లో ముందు ఏడ్చి తర్వాత చూసేవాళ్ళం.

సెప్టెంబరు మూడో శనివారం ఉరుములకు రేడియో మూగబోయింది. విధిలేక హోయ్ట్ టీవీ గొంతు పెంచాడు. కిప్ లారిమోర్ మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు పెద్ద కాలేజీకి బంతులు విసిరి పేరు తెచ్చుకున్నవాడు. ఇప్పుడు మాటలు విసిరి బతుకుతున్నాడు.

అవతలివాడు టేట్‌ని దాటుకుని గీత దాటాడు. ఒక్కడే, చుట్టుపక్కల ఎవరూ లేరు.

"చూశారా ఇరవై ఒకటో నంబరు!" అన్నాడు కిప్. "వీడు కాపలావాడు కాదండీ, తలుపు తీసే బంట్రోతు! రండి సార్, దయచేయండి సార్, లోపల కుర్చీ వేయించాను, మంచినీళ్ళు పుచ్చుకుంటారా?"

పక్కన కూర్చున్న రెండో కామెంటేటరు పగలబడి నవ్వాడు. హోయ్ట్ కూడా ఫక్కుమన్నాడు. ఒక్క క్షణమే. నా మొహం చూసి ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నెలోకి తలదించాడు.

"నవ్వు వచ్చిందా?" అన్నాను.

"అలవాటులో వచ్చేసిందే. ఆ కిప్ గాణ్ణి నరకాలి."

సోమవారానికి ఆ ముక్క దేశమంతా తిరిగింది. ఎవడో దాన్ని పాటగా కట్టాడు. టేట్ క్లాసుకి పోతుంటే పిల్లలు వరసగా నిలబడి, వంగి తలుపు తీసి, "దయచేయండి సార్" అంటున్నారట. మంగళవారం పొద్దున మా వాకిట్లో పోస్టు డబ్బాకి ఆనించి ఎవరో ఒక పాత తలుపు నిలబెట్టి పోయారు. పచ్చరంగు పెచ్చులూడిన తలుపు, గడియతో సహా. హోయ్ట్ దాన్ని గొడ్డలితో ముక్కలు చేశాడు. గురువారం ఇంకొకటి వచ్చింది. తర్వాతి ఆటకి కిప్ హోటల్ బల్లమీద ఉండే ఇత్తడి గంట ఒకటి తెచ్చుకున్నాడు. ఎవడైనా ఇరవై ఒకటిని దాటితే చాలు, టింగ్ అని కొట్టేవాడు.

అక్టోబరులో ఒక ఆదివారం టేట్ ఇంటికి వచ్చాడు. కంచంలో బొబ్బర్లు, మొక్కజొన్న రొట్టె అలాగే చల్లారిపోయాయి. వాడి బుగ్గ ఎముకలు తేలి వాళ్ళ నాన్న మొహం బయటపడుతోంది.

"తిను నాన్నా."

"ఆకలి లేదమ్మా."

"ఆ వెధవ మాటలు పట్టించుకుంటావేరా?"

"పట్టించుకోను." కంచం పక్కకి జరిపాడు. "తలుపు దగ్గరికెళ్తే మాత్రం చెయ్యి ఆగిపోతోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని."

హోయ్ట్ కుర్చీ ముందుకి జరిపాడు. "అసలా రోజు ఏం జరిగింది? నేను ఇరవైసార్లు చూశా. నువ్వు లోపలి పక్క కాశావు. బయట పక్క ఇంకెవడో రావాలి కదా?"

"కోచ్ చెప్పింది చేశా."

"అయితే రాంది ఎవడు?"

"అది మా లోపలి సంగతి, హోయ్ట్."

వాడు చెప్పకపోయినా నాకు తెలుసు. హైస్కూలు ఆఫీసులో గుమాస్తాను నేను. పదిహేడేళ్ళుగా స్కూలు ఆటలన్నిటికీ లెక్కలు రాసింది నేనే. ఎవడు ఎక్కడ ఉండాలో, ఎక్కడ లేడో నా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ రోజు రావలసినవాడు తొమ్మిదో నంబరు, డారియన్ ప్రూయిట్. మూడడుగులు ఆలస్యంగా వచ్చాడు. నా కొడుకు ఊరందరి చేతా తిట్లు తింటుంటే ఆ పిల్లాడు నోరు మూసుకుని ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి నా మనసులో కిప్ పేరు, డారియన్ పేరు పక్కపక్కన కూర్చున్నాయి.

నవంబరు మొదటి వారంలో టీవీ ఛానెల్ నుంచి ఫోను వచ్చింది. బ్రాంట్లీ కాలేజీతో మా సొంత స్టేడియంలో ఆట. వాళ్ళకు ఎప్పుడూ సాయం చేసే మనిషికి మోకాలి ఆపరేషన్ అయింది. రెండేళ్ళ కిందట రెండుసార్లు నేను ఆ పని చేశాను కాబట్టి, "రాగలరా మేడమ్?" అని అడిగారు.

పని పెద్దదేమీ కాదు. అంత ఎత్తున కూర్చున్న కామెంటేటర్లకు కింద ఎవడు ఎవడో తెలియదు. పక్కన ఒక మనిషి దుర్భిణి పట్టుకుని నిలబడి, ముందున్న అట్ట మీది పేర్లలో బంతి పట్టినవాడెవడో, పడగొట్టినవాడెవడో, మోసపోయినవాడెవడో వేలు పెట్టి చూపించాలి. ఆ వేలు ఎటు పోతే వాళ్ళ నోరు అటు పోతుంది.

"కామెంటేటర్లు ఎవరండీ?" అని అడిగాను.

"గస్ డోనలీ, కిప్ లారిమోర్."

ఆ జట్టులో మావాడున్నాడని నేను చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. క్రౌడర్ అనే పేరులో రిగ్స్‌బీ ఎవరికి కనపడతాడు?

హోయ్ట్ ఆ వార్త విని వంటింట్లో చిందేశాడు. "దేవుడున్నాడే నెల్డా! వాణ్ణి తెచ్చి నీ చేతిలో పెట్టాడు!"

"చేతిలో కాదు, వేలి కింద."

"ఏం చేస్తావు?"

"వాడు నా కొడుకుని దేశం ముందు నవ్వులపాలు చేశాడు. నేను వాణ్ణి చేస్తా. ఎక్కువ కాదు, మూడు నాలుగు పేర్లు."

ఆ వారమంతా నాకు పండగలా గడిచింది. అట్ట మీద పేర్లు నేనే రాసుకున్నాను, మా వాళ్ళవి పచ్చ సిరాతో, బ్రాంట్లీ వాళ్ళవి ఎర్ర సిరాతో. ఎప్పుడు తప్పు చూపిస్తే అబద్ధంలా కాక పొరపాటులా ఉంటుందో పాత ఆటలు చూసి లెక్కలేసుకున్నాను. ఇంత శ్రద్ధగా నేను పెళ్ళికి కూడా సిద్ధం కాలేదు.

శనివారం మధ్యాహ్నం స్టేడియం పైగదిలో కిప్‌ని మొదటిసారి దగ్గరగా చూశాను. టీవీలో కనిపించేంత మనిషి కాదు. భుజాలు వంగాయి. మొహానికి రంగు పూసుకున్నాడు. మర్యాదగా లేచి నిలబడి దగ్గు బిళ్ళల డబ్బా నా ముందు పెట్టాడు.

"తీసుకోండి మేడమ్. ఈ చలికి గొంతు పట్టేస్తుంది. ఇవాళ నా కళ్ళు మీరే."

అది మాటవరసకి అన్నది కాదు. అతనికి దూరం ఆనదు. కళ్ళజోడు జేబులో ఉంది కానీ కెమెరా ముందు పెట్టుకోడు. ఇత్తడి గంటని జేబురుమాలుతో తుడిచి ఎదురుగా పెట్టుకున్నాడు.

"మన బంట్రోతు ఇవాళ ఆడుతున్నాడు కదా?" అన్నాడు గస్‌తో.

"ఆడుతున్నాడు," అన్నాను నేను, అడక్కపోయినా.

మొదటి పావుభాగం ఒక్క తప్పు లేకుండా చూపించాను. నమ్మకం కుదరనిచ్చాను. రెండో భాగంలో మావాళ్ళు బ్రాంట్లీవాణ్ణి గట్టిగా పడగొట్టారు. నా వేలు లెవీ స్టౌట్ పేరు మీదికి వెళ్ళింది.

"లెవీ స్టౌట్!" అని అరిచాడు కిప్. "ఏం బలం, ఏం బలం! ఎద్దులా వచ్చి పడ్డాడు!"

అదే సమయానికి కెమెరా కింద లెవీ స్టౌట్‌ని చూపించింది. మోకాలికి కట్టుతో, చంకల్లో కర్రలతో, గట్టు మీద నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు. కిప్ చెవిలోని యంత్రంలోంచి ఎవరో తిట్టడం నాక్కూడా వినపడింది.

తర్వాత మావాళ్ళలో ఒకడు చేసిన పనికి బ్రాంట్లీ వాడి పేరు చూపించాను. కిప్ అయిదు నిమిషాలు పొగిడాక గస్ చల్లగా సర్దాడు. మూడో తప్పు పేరు తర్వాత మైకు మూసుకుని కిప్ నావైపు వంగాడు. మెడ ఎర్రగా కందిపోయింది.

"మేడమ్, కాస్త చూసి..."

"క్షమించండి. ఎండ కళ్ళల్లో పడుతోంది."

"పర్లేదు, పర్లేదు. నాకూ అంతే." కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. దగ్గు బిళ్ళల డబ్బా మళ్ళీ నావైపు జరిపాడు. నేను ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఆ రుచి ఎంత బాగుందో చెప్పలేను.

చివరి రెండు నిమిషాలు మిగిలాయి. ఆ రోజు మా డిఫెన్స్ ఏడాదంతా ఆడనంత బాగా ఆడింది. మేం నాలుగు పాయింట్లు ముందున్నాం, వాళ్ళు ఒక్కసారి గీత దాటితే ఆరు వస్తాయి. జనం అరుపులకి పైగది అద్దాలు గడగడలాడుతున్నాయి. బ్రాంట్లీ వాడు బంతిని ఆకాశానికి విసిరాడు.

అది టేట్ కాయవలసిన మనిషి మీదికే వెళ్ళింది. ఈసారి సాయం ఎవరూ రానక్కర్లేదు, పూర్తిగా వాడి బాధ్యతే. వాడు మామూలుగా చెయ్యని పని చేశాడు. ఒక్క అడుగు ముందే తల తిప్పి వెనక్కి చూశాడు. ఆ ఒక్క అడుగు చాలింది. అవతలివాడు బంతి పట్టుకుని దూసుకుపోయాడు. మైదానం ఆ చివరనుంచి డారియన్ ప్రూయిట్, అతని పని కాకపోయినా, ప్రాణం పెట్టి పరిగెత్తుకొచ్చి గీత దగ్గర దూకాడు. అందలేదు. బోర్లా పడ్డాడు.

టీవీ తెరమీద కనపడింది అదొక్కటే. గీత దాటినవాడు, నేలమీద తొమ్మిదో నంబరు.

కిప్ చెయ్యి గంటమీద ఉంది. కళ్ళు చికిలించి అట్టవైపు చూశాడు. "ఎవరు? ఎవరు మేడమ్?"

నా వేలు తొమ్మిది మీద ఉంది.

"డారియన్ ప్రూయిట్!" అన్నాడు కిప్. "కొత్త బంట్రోతు వచ్చాడండీ! పాతవాడికి సెలవు!" గంట టింగుమంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మేం ఓడిపోయాం. నేను అట్ట మడిచి చంకలో పెట్టుకుని, అందరికీ వస్తానని చెప్పి బయటికి వచ్చాను. ఇంట్లో హోయ్ట్ నాచేత కథంతా మూడుసార్లు చెప్పించుకున్నాడు. లెవీ స్టౌట్ కర్రల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ బల్ల చరిచి నవ్వాడు. బుధవారానికి ఛానెల్ కిప్‌ని మిగిలిన ఆటలకి పక్కన పెట్టింది. ఆ తర్వాత వాడు మళ్ళీ తెరమీద కనపడలేదు. వాడి గురించి ఇప్పటికీ నాకు విచారం లేదు. వాడు చేసిందానికి అది తక్కువే.

తొమ్మిదో నంబరు సంగతి హోయ్ట్‌తో చెప్పలేదు. అది కూడా కిప్ పొరపాట్లలో ఒకటిగా కలిసిపోయింది.

కానీ జనానికి కొత్త పేరు దొరికింది. ఆట కాగానే టేట్ పేపరువాళ్ళతో, "అది నా తప్పు, డారియన్ నాకోసం వచ్చాడు," అని చెప్పాడు. ఎక్కడో లోపలి పేజీలో రెండు వరసలు వేశారు. స్నేహితుడి కోసం అబద్ధమాడుతున్నాడని అనుకున్నారు. డారియన్ తల్లి అర్లీన్ ఇక్కడికి నలభై మైళ్ళ దూరంలో, ఆష్‌బీలో, ఒక సరుకుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. సరుకులు కొనడానికి వచ్చినవాళ్ళు ఆమె ముందు ఫోన్లు తీసి గంట మోగించి నవ్వుతున్నారని తెలిసింది. ఆ మాట నాకు చెప్పింది టేట్.

థాంక్స్‌గివింగ్ పండగకి వారం ముందు సాయంత్రం వచ్చాడు. లోపలికి వచ్చాడు కానీ కూర్చోలేదు.

"ఆ రోజు పైగదిలో నువ్వున్నావంట."

"ఎవరు చెప్పారు?"

"హోయ్ట్ మంగలి షాపులో చెప్పాడు. ఊరంతా చెప్పుకుంటోంది, మా నెల్డా కిప్ గాడి పీక కోసిందని."

హోయ్ట్ సోఫాలోంచి, "కోసింది మరి! నీకోసమే!" అన్నాడు.

టేట్ అతనివైపు చూడలేదు. "ఆఖరి బంతి నాది. నువ్వు చూశావు. కనపడలేదని మాత్రం చెప్పకమ్మా. నీకు కనపడందంటూ ఏదీ లేదు."

నేను బల్ల తుడుస్తున్నదాన్ని తుడుస్తూనే ఉన్నాను. "చూశాను."

"మరి?"

"నీమీద ఇంకోసారి ఆ గంట కొట్టనివ్వలేకపోయాను. ఆ పిల్లాడు మాత్రం తక్కువవాడా? సెప్టెంబరులో ఆలస్యంగా వచ్చింది వాడే కదా? నోరు మూసుకుని నిన్ను మొయ్యనిచ్చాడు."

టేట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వాడి గొంతు లేవలేదు.

"ఆ రాత్రే వాడు కోచ్ దగ్గరికెళ్ళి చెప్పాడమ్మా. పేపరువాళ్ళకి కూడా చెప్తానన్నాడు. నేనే వద్దన్నా. తిట్లు ఎలాగూ నేను తింటున్నా, ఇద్దరం తినడమెందుకని. నా గదిలోనే పడుకున్నాడు రెండు వారాలు, నేనేమైనా చేసుకుంటానేమోనని."

హోయ్ట్ టీవీ ఆపేశాడు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే నువ్వేం చేసేదానివో." వాడు టోపీ పెట్టుకున్నాడు. "పండక్కి నేను వాళ్ళింటికెళ్తున్నా."

"టేట్..."

"వాళ్ళమ్మకి నేను చెప్పను. అది నువ్వు చెప్పాలి."

థాంక్స్‌గివింగ్ రోజు పదకొండు దాటాక టర్కీకోడిని పొయ్యిలో పెట్టి, "చూసుకో," అని హోయ్ట్‌కి చెప్పి, కారు తీశాను.

"నేనూ రానా?" అన్నాడు.

"వద్దు. వేలు నాదే."

ఆష్‌బీ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంటిముందు ఏడెనిమిది కార్లున్నాయి. లోపల మాటలు, పళ్ళేల చప్పుడు, వేయించిన ఉల్లిపాయల వాసన. బయటి వరండాలో అర్లీన్ ఒక్కతే నిలబడి చేతులు తుడుచుకుంటోంది. నా వయసే ఉంటుంది. నన్ను టేట్ తల్లిగా గుర్తుపట్టి నవ్వింది.

"రండి వదినగారూ! మీవాడు లోపలే ఉన్నాడు. వస్తారని చెప్పనే లేదు."

వదినగారూ అని పిలిచేసరికి సగం మాటలు మర్చిపోయాను. మిగిలినవి నిలబడే చెప్పాను. కిప్ పక్కన ఉన్నది నేనే. అట్ట మీద వేలు పెట్టింది నేనే. పొరపాటు కాదు. తెలిసే పెట్టాను.

ఆమె నవ్వు మెల్లగా పోయింది. తువ్వాలు మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది.

"మా షాపులో ఒకాయన, నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసినాయన, గంట మోగించాడు," అంది. "నా కొడుకు అన్నం మానేశాడు. మీ చెల్లెల్లాంటిదాన్ని, అడుగుతున్నా. మీ కొడుక్కి ఎవరైనా ఇలా చేస్తే మీరేం చేస్తారు?"

 నా కొడుక్కి చేసినప్పుడు నేనేం చేశానో అదే కదా ఇప్పుడు వచ్చి చెప్పింది.

"నాకు ఒక్కదానికి చెప్పి పోదామనుకున్నారా?"

"మీకు చెప్పాలని వచ్చాను."

"నేనొక్కదాన్నే వినలేదు ఆ గంట." ఆమె లోపలికి తిరిగి గట్టిగా అంది. "అందరూ ఒకసారి ఆగండి! ఈవిడ ఏదో చెప్తుంది, వినండి."

లోపల పొడుగాటి బల్ల చుట్టూ పదిహేనుమందిదాకా ఉన్నారు. ముసలివాళ్ళు, మామలు, అత్తలు, ఎత్తయిన కుర్చీలో ఒక పసిపిల్ల. ఆ చివర టేట్, వాడి పక్కన డారియన్ ప్రూయిట్. దగ్గరగా చూస్తే ఆ పిల్లాడి మొహం మీద ఇంకా మొటిమలు పోలేదు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ముందు పేరు చెప్పండి," అంది అర్లీన్.

"నెల్డా క్రౌడర్."

"గట్టిగా. మా అమ్మకి వినపడదు."

"నెల్డా క్రౌడర్!" అని అరిచినంత పని చేశాను. తర్వాత మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. ఆ బంతి నా కొడుకుదని చెప్పాను. డారియన్ దాన్ని కాపాడబోయాడని చెప్పాను. నాకు తెలిసే వాడి పేరు చూపించానని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చివరిమాటదాకా వింది. విని, నన్ను చూడకుండా, రొట్టె గిన్నె డారియన్ వైపు జరిపింది.

"అయిందా?" అంది అర్లీన్.

"అయింది."

"దారిలో జాగ్రత్త. రోడ్డు తడిగా ఉంది."

కూర్చోమనలేదు. కంచం పెట్టలేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఎంతమందికి వండారో నాకు తెలియదు కానీ, నాకు సరిపడా మిగిలే ఉంటుంది.

టేట్ లేచి నాతో కారుదాకా వచ్చాడు. చలికి భుజాలు దగ్గరకి తీసుకున్నాడు. బరువు కొంచెం వచ్చినట్టనిపించింది.

"తింటున్నావా?" అన్నాను.

"తింటున్నా."

"ఇంటికెప్పుడొస్తావు?"

వాడు రోడ్డువైపు చూశాడు. "ఇప్పుడే చెప్పలేనమ్మా."

ఆ తర్వాత రెండు పండగలు వాడు అక్కడే చేసుకున్నాడు. ఆ రోజు మాత్రం నాకది తెలియదు. వాడు మెట్లెక్కి లోపలికి వెళ్ళాక, ఆ ఇంట్లో చాలాసేపు ఏ చప్పుడూ వినపడలేదు. తర్వాత ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు, పళ్ళేలు కదిలాయి. అప్పుడు బండి తీశాను.